తుఫాను రాలేదు, జబ్బు వచ్చింది!

‘క్యాంపు’ అన్న మాటకి మన ఇళ్ళలో రెండు అర్థాలున్నాయి. ఇంటి యజమాని ఆఫీసు పనిమీద నాలుగు రోజులు ఊళ్ళు తిరిగి రావడం ఒక క్యాంపు. కాలేజీ కుర్రాడు స్నేహితులతో అనంతగిరి కొండల్లో డేరా వేసుకుని ఒక రాత్రి గడిపి రావడం ఇంకొక క్యాంపు. మొదటిది జీతం కోసం, రెండవది సరదా కోసం. ఈ రెంటికీ మధ్య ఇల్లు కనిపెట్టుకుని ఉండేది ఇల్లాలు. ఆమెకీ ఉద్యోగం ఉంటే, పెద్దవాళ్ళ మందులూ, చంటిపిల్లల బడీ, రేపటి కూరా అన్నీ సాయంత్రం ఆరు తర్వాత చూసుకోవలసిందే. అటువంటి ఇంటి మీదికి ‘తుఫాను వస్తోంది’ అన్న కబురు వచ్చి పడితే ఏమవుతుంది?

సికిందరాబాదు మోండా మార్కెట్‌కి దగ్గరలో కాపురముంటున్న ఒక కుటుంబం సంగతి చెబుతాను. పేర్లతో మనకి పనిలేదు. ఇటువంటి ఇల్లు మీ వీధిలోనూ ఉండవచ్చు.

భర్త ఖమ్మం వైపు క్యాంపులో ఉన్నాడు. ఆమె రాష్ట్రపతి రోడ్డులో ఒక దుకాణంలో లెక్కలు రాస్తుంది. గురువారం రాత్రి నుంచి టీవీలో ఒకటే హోరు. చేతిలో ఫోనుకి నిమిషానికొక కబురు. ‘నగరం మునిగిపోతుంది, మూడు రోజులు గడప దాటవద్దు’ అని ఎవరో పంపిన సందేశాన్ని ఇంకొకరు, దాన్ని మరొకరు పంపుతున్నారు. శుక్రవారం సాయంత్రం పని ముగించుకుని ఆమె సంచి పట్టుకుని మోండా మార్కెట్‌కి వెళ్ళింది. అక్కడ ఇసుక వేస్తే రాలడం లేదు. అందరిదీ అదే కంగారు. అయిదు కిలోల టమాటాలు, నాలుగు కట్టల కొత్తిమీర, గోంగూర, రెండు రోజులకు సరిపడా పాల ప్యాకెట్లు మోసుకుని ఇల్లు చేరింది. కరెంటు పోతుందేమోనని ఆ రాత్రే పెద్ద గిన్నెతో సాంబారు కాచింది, పులిహోర కలిపింది. నీళ్ళు రావేమోనని పెరట్లోని డ్రమ్ము నింపింది.

“అత్తయ్యా, మీ మాత్రలున్నాయా?” అని వంటింట్లోంచే అడిగింది.

“ఉన్నాయిలేమ్మా” అంది పెద్దావిడ.

శనివారం సన్నగా తుప్పర పడింది. ఆదివారం మధ్యాహ్నానికి ఎండ కాసింది. తుఫాను సముద్రంలోనే నీరసించిపోయిందని చెప్పారు. ‘ఇంత గోల దేనికి?’ అని అందరూ నవ్వుకున్నారు.

సోమవారం ఆరేళ్ళ చిన్నపిల్లకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. గ్యాసు పొదుపు చేద్దామని వెచ్చబెట్టకుండా రెండు రోజులు తిన్న సాంబారు ఫలితం అది. మంగళవారం ఉదయం పెద్దావిడ కాఫీ గ్లాసు పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగింది, మాట ముద్దగా వచ్చింది. కోడలు కాలయాపన చేయకుండా 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. ఆవిడ రక్తపోటు మాత్రలు గురువారంతోనే అయిపోయాయట! కొడుకు క్యాంపు నుంచి వచ్చేటప్పుడు తెస్తాడనుకుంది. “ఈ హడావిడిలో నా మాత్రల గొడవ ఎందుకని ఊరుకున్నానమ్మా” అని మాట తిరిగి వచ్చాక చెప్పింది.

వేళకి వైద్యం అందింది గనుక ఆవిడ కోలుకుంది. కాని ఆలోచించండి. సంచి నిండా టమాటాలు వచ్చిన ఆ ఇంటికి ఒక్క మాత్రల అట్ట రాలేదు. తుఫాను రాలేదు, జబ్బు మాత్రం వచ్చింది. మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టయింది.

హెచ్చరిక అబద్ధమా?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాని తుఫాను గురించి హెచ్చరించారని వాతావరణ శాఖను తిట్టిపోయడం న్యాయం కాదు. 2021 డిసెంబరులో ‘జవాద్’ తుఫాను వస్తోందని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో బడులకు సెలవు లిచ్చారు. వేలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఎన్నో రైళ్ళు రద్దు చేశారు. డిసెంబరు 4న అది సముద్రంలోనే బలహీనపడి, ఆ మరునాడు పూరీ దగ్గరకు చేరేసరికి మరీ నీరసించిపోయింది.

ఇప్పుడు దానికి ముందు ఏడాది సంగతి చూడండి. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటినదానికి పేరైనా లేదు. అది తుఫాను కాదు, తీవ్ర వాయుగుండం మాత్రమే. ఆ పగలూ రాత్రీ హైదరాబాదు మీద కుంభవృష్టి కురిసింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వాన పడింది. కాలనీలకు కాలనీలే మునిగాయి, ప్రాణాలు పోయాయి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు కూడా దానికి పేరేమీ లేదు.

కారణం ఏమిటంటే, తుఫానుకు పేరు పెట్టేది గాలి వేగాన్ని బట్టి. గాలి గంటకు 63 కిలోమీటర్ల వేగం అందుకుంటేనే పేరు. అంతకు తక్కువైతే వాయుగుండం, తీవ్ర వాయుగుండం అంటారు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న సికిందరాబాదు వంటి ఊరికి ముప్పు గాలి కన్న వాన వల్లనే ఎక్కువ. అందుచేత పేరు ఎంత గంభీరంగా ఉన్నదని కాక, మన జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఇచ్చారో చూడాలి. పసుపు రంగు అంటే గమనిస్తూ ఉండండి అని. నారింజ అంటే సిద్ధం కండి అని. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి అని. ఒక రోజులో 11 సెంటీమీటర్లు దాటితే అతి భారీ వర్షం, 20 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం.

‘నాన్నా పులి’ కథ మనందరికీ తెలుసు. ఆ కథలో అబద్ధమాడినవాడు కుర్రాడు. కాని ఇక్కడ వాతావరణ శాఖ అబద్ధమాడలేదు, మబ్బు మనసు మార్చుకుంది. మనం కంగారు పడడమూ తప్పే, మరుసటిసారి నవ్వేసి ఊరుకోవడమూ తప్పే. వాన వచ్చినా రాకపోయినా పనికివచ్చే జాగ్రత్తలు తీసుకోవడమే తెలివి.

మార్కెట్‌లో ఏం కొనాలి?

మొదట మందుల దుకాణానికి వెళ్ళి, తర్వాత కూరగాయలకు వెళ్ళండి. ఈ ఒక్క వరస మార్చుకుంటే సగం ముప్పు తప్పుతుంది.

కూరల్లో రెండు మూడు రోజులు బయట ఉన్నా చెడనివి ఎంచుకోండి. బంగాళాదుంప, కంద, చేమదుంప, గుమ్మడి, దోసకాయ, ఉల్లిపాయ అటువంటివి. ఆకుకూరలు, టమాటాలు ఆ పూటకూ, మరునాటికీ చాలు. పప్పు, అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశనగలు, వడియాలు ఇంట్లో ఉంటే ఏ ఇల్లూ పస్తుండదు. అందరూ ఒక్కసారి మీదపడితే ధర పెరుగుతుంది, రోజుకూలీ మీద బతికే వాళ్ళకి కొనడానికి మిగలదు. ఇది కూడా ఆరోగ్య విషయమే.

వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. అన్నం, పప్పు, సాంబారు ఏదైనా సరే, ఏ పూటకి ఆ పూట కొద్దిగా వండుకోవడం మంచిది. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. ఆ తర్వాత పాలు, మాంసం, మిగిలిన కూరలు అనుమానంగా ఉంటే పారబోయండి. రుచి చూసి తేల్చుకుందామనుకోవద్దు. చెడిన పదార్థం ప్రతిసారీ వాసన రాదు.

నీళ్ళు, విరేచనాలు

మోండా మార్కెట్‌కి చేరువలోనే ఉజ్జయిని మహంకాళి అమ్మవారి గుడి ఉంది. 1813లో ఇక్కడ కలరా చెలరేగి వేలమందిని పొట్టన పెట్టుకున్నదనీ, ఉజ్జయినిలో సైన్యంతో ఉన్న సురిటి అప్పయ్య ఊరు చల్లబడితే అమ్మవారిని ఇక్కడ నిలుపుతానని మొక్కుకున్నాడనీ చెబుతారు. ఏటా ఆషాఢంలో, అంటే సరిగ్గా వానల కాలంలో, బోనాలెత్తే ఈ ఊరికి నీటి వల్ల వచ్చే జబ్బుల భయం కొత్తది కాదు. ఆ రోజుల్లో కలరాకు మందు తెలియదు. ఈనాడు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది: ఉప్పు, పంచదార, నీళ్ళు.

వానల్లో కుళాయి నీరు రంగు మారినా, వాసన వచ్చినా తాగవద్దు. ఏ నీరైనా తెర్లేదాకా కాచి, ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి, మూత పెట్టి వాడండి. ముంత ముంచి తీసే బదులు పొడుగు కాడ గరిటెతో తీయండి.

విరేచనాలు పట్టుకుంటే మొదటి విరేచనం నుంచే ఓఆర్‌ఎస్ ద్రావణం పట్టించాలి. ప్యాకెట్ దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పిల్లలకు ఒక్కసారి గ్లాసుడు పట్టక, చెంచాతో నెమ్మదిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలు పెట్టండి. తల్లిపాలు మానిపించవద్దు, అన్నం మాన్పించవద్దు. కళ్ళు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, పిల్ల మత్తుగా పడి ఉన్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆస్పత్రికి వెళ్ళండి.

డ్రమ్ములో దోమలు

తుఫాను కోసం నింపిన డ్రమ్ము సంగతి ఆ ఇంట్లో అందరూ మరచిపోయారు. వారం దాటాక చూస్తే నీళ్ళలో సన్నని పురుగులు వంకర్లు తిరుగుతున్నాయి. అవి దోమ పిల్లలు.

ఈ ఊరికి దోమతో పెద్ద చరిత్రే ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మొట్టమొదట చూసింది 1897 ఆగస్టు 20న, ఇక్కడే సికిందరాబాదులో. ఆయన పేరిట ఉన్న భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది. కాని డెంగీ తెచ్చే దోమ వేరు. అది మురుగులో కాదు, మనం దాచుకున్న శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి డ్రమ్ములకు, తొట్లకు గుడ్డ బిగించి మూత పెట్టండి. వారానికొక రోజు అన్నీ ఒంపేసి, లోపల గోడలు రుద్ది, ఆరబెట్టండి.

వాన వెలిసిన తర్వాత రెండు వారాల్లో జ్వరం వస్తే డెంగీని అనుమానించాలి. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్ గాని, ఒళ్ళునొప్పుల బిళ్ళలు గాని సొంతంగా వేసుకోవద్దు. రక్తస్రావానికి దారి తీస్తాయి. జ్వరం తగ్గుతున్నప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

మాత్రలు ఒక్కరోజు కూడా మానవద్దు

రక్తపోటు, చక్కెర వ్యాధి, మూర్ఛ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళకి కనీసం వారం రోజుల మందు ఎప్పుడూ అదనంగా ఇంట్లో ఉండాలి. కొన్ని రకాల రక్తపోటు మాత్రలు ఉన్నట్టుండి మానితే రక్తపోటు మునుపటికన్న ఎక్కువై ఎదురు తన్నుతుంది. మూర్ఛ మాత్ర మానితే ఫిట్సు రావచ్చు. ‘ఉన్నాయా?’ అని అడిగి ఊరుకోకండి. డబ్బా తెరిచి మీ కళ్ళతో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళు మనకి శ్రమ ఇవ్వకూడదని అబద్ధమాడతారు. అది వాళ్ళ ప్రేమ. దాన్ని కనిపెట్టడం మన బాధ్యత.

ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోయిందని హడలిపోవద్దు. వాడుకలో ఉన్న సీసా ఎండ తగలని చల్లని చోట సుమారు నాలుగు వారాలు పాడవదు. గడ్డకట్టే చోట మాత్రం పెట్టకూడదు, మంచు ముక్కకు తగలనివ్వకూడదు.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి బలహీనపడడం, మాట తడబడడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా అది పక్షవాతమే అనుకుని పరుగెత్తండి. గడ్డను కరిగించే వైద్యం మొదటి నాలుగున్నర గంటలలోపే ఇవ్వగలరు. వాన వెలిశాక చూద్దాం అనుకోవడానికి వీలులేదు. నెలలు నిండిన గర్భిణులు నారింజ హెచ్చరిక రాగానే ఆస్పత్రికి దగ్గరలో ఉన్న బంధువుల ఇంటికి చేరడం మంచిది.

డేరాలో ఉన్నవారికి

తుఫాను రాలేదు గదా అని మరుసటి శనివారం ఆ ఇంటి కుర్రాడు వాన కబురు చూడకుండానే అనంతగిరికి బయలుదేరాడు. రాత్రి ఉరుములు, మెరుపులు. కుర్రాళ్ళందరూ డేరాలో ముడుచుకుని కూర్చున్నారు. క్షేమంగా తిరిగి రావడం వాళ్ళ అదృష్టం.

డేరా పిడుగును ఆపదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు దగ్గరలో ఉన్నట్టే. వెంటనే పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్ళాలి. చెట్టు కింద నిలబడవద్దు. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి బయటికి రండి. వాగు పక్కన, పల్లంలో డేరా వేయవద్దు. ఎక్కడో ఎగువన కురిసిన వాన చీకట్లో మీ మీదికి రావచ్చు.

చలిగా ఉందని బొగ్గుల కుంపటి డేరాలో గాని, తలుపులు మూసిన గదిలో గాని పెట్టుకోవద్దు. దాని నుంచి వచ్చే విషవాయువుకి రంగూ వాసనా లేవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలనివ్వక, ధైర్యం చెప్పి, ఆస్పత్రికి చేర్చండి.

పని మానలేనివారు

వాన పడిందని అందరికీ సెలవు దొరకదు. మోండా మార్కెట్‌లో తెల్లవారకముందే బస్తాలు దించే హమాలీలు, బుట్ట ముందు పెట్టుకుని కూర్చునే అమ్మలు ఆ బురదలోనే పని చేస్తారు. నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం కలుస్తుంది. కాలి పగుళ్ళ ద్వారా అది ఒంట్లోకి పోయి ఎలుక జ్వరం తెస్తుంది. మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు ఉంటే మంచిది. లేకపోతే పుండ్లకు నీరు చొరని పట్టీ వేసుకుని, పని కాగానే సబ్బుతో కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోండి. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షను అవసరమా అని డాక్టరును అడగండి. నీళ్ళలో నడిచిన కొద్ది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చేవారు నీళ్ళు నిలిచిన రోడ్డు మీద నడవకపోవడమే క్షేమం. తప్పనిసరి అయితే గొడుగు కర్రతో తడుముకుంటూ, కరెంటు స్తంభాలకు దూరంగా నడవండి. ఇంటికి ఒక గంట ఆలస్యమైతే వచ్చే నష్టం లేదు.

ఒక్క సంచి చాలు

చివరిగా ఒక చిన్న సలహా. ఇంట్లో ఒక గుడ్డసంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. అందులో అందరి మందులు వారానికి సరిపడా, డాక్టరు చీటీల నకళ్ళు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, దూది, కట్టుగుడ్డ, సబ్బు, టార్చిలైటు, ఫోనుకి అదనపు బ్యాటరీ, ఒక తువ్వాలు, అటుకుల పొట్లం, నీళ్ళ సీసా ఉంచండి. నెలకొకసారి మందుల గడువు తేదీలు చూసి మార్చండి. క్యాంపుకి ఎవరు వెళ్ళినా ఇందులో నుంచి తమకు కావలసినవి తీసుకుని, తిరిగి రాగానే ఆ లోటు భర్తీ చేయాలి. తుఫాను వచ్చినా, రాకపోయినా, అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్ళవలసి వచ్చినా అదే సంచి.

ఆ ఇంట్లో ఇప్పుడు వంటింటి తలుపు వెనక మేకుకి అటువంటి సంచి వేలాడుతోంది. ప్రతి ఆదివారం పెద్దావిడే తన మాత్రలు లెక్కపెట్టి కోడలికి చూపిస్తోంది. “ఇంకా పన్నెండున్నాయమ్మా” అంటుంది. ఈసారి కోడలు వంటింట్లోంచే తల ఊపి ఊరుకోదు. వచ్చి చూస్తుంది.